పంచాయతీ ముద్ర ఉన్నా తప్పని తిప్పలు
* జోన్ల నిబంధనలు తెలియక నష్టపోతున్న సామాన్యులు
* ఒకే భూమిపై మూడు శాఖల అధికారం
* పదేపదే క్రమబద్ధీకరణతో తీరని సమస్య

సైదాబాద్‌: సైదాబాద్‌ నుంచి చంపాపేట, కర్మన్‌ఘాట్‌ మీదుగా సాగర్‌ రహదారి పట్టుకుని తుర్కయంజాల్‌, బొంగులూరు, ఇబ్రహీంపట్నం వైపు సాగితే దారి పొడవునా హద్దురాళ్లే దర్శనమిస్తాయి. ఒకప్పుడు జొన్న, కంది పండిన చెలకలవి. నగరంలో ఇల్లు కొనే స్తోమత లేని చిరుద్యోగులు, చిరువ్యాపారులు తులమో ఫలమో అమ్ముకుని, చీటీ పాడుకుని ఈ దారిలో వంద, రెండు వందల గజాలు కొనుగోలు చేశారు. పంచాయతీ ముద్ర ఉంది, రిజిస్ట్రేషన్‌ అయింది, ఇక ఢోకా లేదనుకున్నారు. తీరా ఇల్లు కట్టుకుందామని అనుమతికి వెళితే అసలు కథ మొదలవుతోంది. ఆ స్థలం ఏ జోన్‌లో ఉంది, లే అవుట్‌కు సాంకేతిక ఆమోదం ఉందా అన్న ప్రశ్నలు ఎదురవుతున్నాయి. కొన్ననాడు వాటిని అడిగినవారూ లేరు, చెప్పినవారూ లేరు.

ముగ్గురి చేతుల్లో ఒకే భూమి

పల్లె భూమిపై మూడు వ్యవస్థలకు అధికారముంది. సాగు భూమిని సాగేతర అవసరాలకు మార్చేది రెవెన్యూ శాఖ. ఇందుకు 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం తెచ్చిన చట్టమే జనం నోట 'నాలా'గా స్థిరపడింది. ఏ భూమిని దేనికి వాడాలో నిర్ణయించేది బృహత్‌ ప్రణాళిక. నగరం చుట్టూ ఆ బాధ్యత హెచ్‌ఎండీఏది. 1975లో ఏర్పడిన హుడా స్థానంలో 2008లో ఈ సంస్థ వచ్చింది. ఇంటి అనుమతి పత్రం ఇచ్చేది గ్రామ పంచాయతీ లేదా పురపాలక సంఘం.

చిక్కంతా ఇక్కడే ఉంది. నాలా మార్పిడి జరిగినంత మాత్రాన బృహత్‌ ప్రణాళికలోని జోన్‌ మారదు. రెవెన్యూ దస్త్రంలో సాగేతర భూమిగా నమోదైనా హెచ్‌ఎండీఏ పటంలో అది పరిరక్షణ జోన్‌లో ఉంటే అక్కడ కాలనీకి అనుమతి దొరకదు. స్థిరాస్తి వ్యాపారులు నాలా పత్రం చూపి 'అన్ని అనుమతులూ ఉన్నాయి' అంటారు. కొనేవారు అదే నిజమని నమ్ముతారు.

జోన్లు ఏం చెబుతున్నాయి?

2013 జనవరిలో ప్రభుత్వం ఆమోదించిన మెట్రోపాలిటన్‌ అభివృద్ధి ప్రణాళిక-2031 నగర శివారు పల్లెలను పలు జోన్లుగా విభజించింది. నివాస జోన్లు నాలుగు. వాటిలో నాలుగోది గ్రామీణ ఆవాసాలకు ఉద్దేశించినది. ఇవిగాక పట్టణ శివారు జోన్‌, వాణిజ్య, ఉత్పత్తి, బహుళ వినియోగ జోన్లు, వ్యవసాయ పరిరక్షణ జోన్‌, జలవనరులు, అడవులు ఉన్నాయి. పక్కపక్కనే ఉన్న రెండు సర్వే నంబర్లలో ఒకటి నివాస జోన్‌లో, మరొకటి పరిరక్షణ జోన్‌లో పడవచ్చు. గట్టు ఒకటే అయినా ధరలో మాత్రం ఎంతో వ్యత్యాసం.

భూ వినియోగం మార్చుకునే మార్గం చట్టంలో ఉంది. దరఖాస్తు, హెచ్‌ఎండీఏ పరిశీలన, అభ్యంతరాల స్వీకరణ, రుసుం చెల్లింపు, ప్రభుత్వ ఉత్తర్వు అనే మెట్లన్నీ ఎక్కాలి. పదెకరాల ఆసామికి, పెద్ద సంస్థకు ఇది సాధ్యమే. 150 గజాల ప్లాటు కొన్నవాడికి తలకు మించిన భారం.

ఆమోదం పొందిన లే అవుట్‌లో పది శాతం స్థలాన్ని ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు దఖలుపరచాలి. రహదారులు, మురుగు కాలువలు, నీరు, విద్యుత్తు సమకూర్చే వరకు 15 శాతం ప్లాట్లు హెచ్‌ఎండీఏకు తనఖాగా ఉంటాయి. పంచాయతీ ముద్రతో సరిపెట్టిన వెంచర్‌లో ఈ రక్షణ ఏదీ ఉండదు. పార్కు స్థలం కూడా ప్లాటుగా మారుతుంది. వ్యాపారి తన సొమ్ముతో వెళ్లిపోయాక రోడ్డు కోసం, కాలువ కోసం కాలనీవాసులు ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ తిరగాల్సిందే.

నిబంధనలున్నా ఆగని వెంచర్లు

గ్రామ పంచాయతీల్లో లే అవుట్లు, భవనాలకు 2002లోనే ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. పట్టణ ప్రణాళిక విభాగం సాంకేతిక ఆమోదం లేకుండా పంచాయతీ లే అవుట్‌ను మంజూరు చేయకూడదన్నది వాటి సారాంశం. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్‌ చట్టం వీటిని మరింత బిగించింది. అయినా కొత్త దారులు పుట్టుకొచ్చాయి. 'ఫామ్‌ ప్లాట్లు' ఆ కోవలోనివే. గజాల్లో అమ్మితే లే అవుట్‌ అవుతుందని గుంటల్లో అమ్ముతున్నారు. 2 వేల చదరపు మీటర్ల కన్నా, అంటే దాదాపు 20 గుంటల కన్నా తక్కువ విస్తీర్ణంలో ఇలా ముక్కలు చేయడం నిబంధనలకు విరుద్ధం. రెండు గుంటలు, ఐదు గుంటలు కొన్నవారికి రేపు ఇంటి అనుమతి దొరకదు.

మూడుసార్లు క్రమబద్ధీకరణ

అనధికార లే అవుట్ల క్రమబద్ధీకరణకు ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబరు 31న జీవో 902 వెలువడింది. తెలంగాణ ఏర్పడ్డాక 2015లో మరోసారి, 2020 ఆగస్టు 31న జీవో 131 ద్వారా ఇంకోసారి అవకాశం ఇచ్చారు. చివరి దఫాలో రాష్ట్రవ్యాప్తంగా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. సమస్య ఎంత లోతుకు పాకిందో చెప్పడానికి ఈ అంకె చాలు. అదే సమయంలో అనధికార ప్లాట్ల రిజిస్ట్రేషన్లు నిలిపివేయడంతో పిల్ల పెళ్లికో, వైద్యానికో అమ్ముకుందామనుకున్నవారు అల్లాడారు. అప్పటికే ఒకసారి రిజిస్టరయిన ప్లాట్లకు 2020 డిసెంబరు చివర్లో వెసులుబాటు లభించింది. దరఖాస్తులు మాత్రం ఏళ్ల తరబడి మూలుగుతూనే వచ్చాయి. 2025లో 25 శాతం రాయితీ ప్రకటించి గడువును పలుమార్లు పొడిగించారు.

భారం ఎవరిపై పడుతోందో లెక్క వేస్తే తెలుస్తుంది. లే అవుట్‌లో ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం చెల్లించాలి. కొన్ననాడు గజం రిజిస్ట్రేషన్‌ విలువ రూ.3 వేలు ఉంటే 200 గజాల ప్లాటు విలువ రూ.6 లక్షలు. అందులో 14 శాతం అంటే రూ.84 వేలు. క్రమబద్ధీకరణ రుసుం దీనికి అదనం. పార్కు స్థలాన్ని అమ్ముకుని లాభపడింది వ్యాపారి. పరిహారం కట్టేది కొన్నవాడు. ఇంత కట్టినా ఆ కాలనీకి పార్కు రాదు.

పల్లె తప్పులు పట్టణానికి

పల్లెలు పట్టణంలో కలిసినప్పుడు పాత తప్పులూ వెంట వస్తాయి. 2007 ఏప్రిల్‌లో ఎల్బీనగర్‌, గడ్డిఅన్నారం సహా 12 పురపాలక సంఘాలు, 8 గ్రామ పంచాయతీలను కలిపి జీహెచ్‌ఎంసీని ఏర్పాటు చేశారు. 2025 డిసెంబరులో తుర్కయంజాల్‌, ఆదిభట్ల, పెద్దఅంబర్‌పేట, మీర్‌పేట, బడంగ్‌పేట సహా మరో 27 పట్టణ స్థానిక సంస్థలు విలీనమయ్యాయి. వీటిలో అధిక భాగం నిన్నమొన్నటి పంచాయతీలే. ఇరుకు దారులు, పూడిన కాలువలు, చెరువు శిఖంలో వెలసిన ఇళ్లు యథాతథంగా నగరానికి సంక్రమించాయి. 2020 అక్టోబరు 13న కురిసిన కుండపోతకు సరూర్‌నగర్‌, ఎల్బీనగర్‌ పరిసరాల్లోని లోతట్టు కాలనీలు నీట మునగడం ఇంకా కళ్లముందే ఉంది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్ల దూరం వదలాలని 2012 నాటి జీవో 168 చెబుతోంది. 2024లో హైడ్రా ఏర్పడి కూల్చివేతలు మొదలయ్యేదాకా ఈ నిబంధన సంగతి చాలామందికి తెలియదు.

హెచ్‌ఎండీఏ పరిధిని 2025లో ప్రాంతీయ వలయ రహదారి దాకా విస్తరించారు. విస్తీర్ణం 10 వేల చదరపు కిలోమీటర్లు దాటింది. సాగర్‌ రహదారిలో పాతికేళ్లుగా జరిగిందే రేపు మారుమూల పల్లెల్లోనూ పునరావృతమయ్యే ప్రమాదం పొంచి ఉంది.

కొనేముందు చూడాల్సినవి

* సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో హెచ్‌ఎండీఏ నుంచి భూ వినియోగ ధ్రువపత్రం తీసుకోవాలి. నాలా పత్రం దీనికి ప్రత్యామ్నాయం కాదు.
* లే అవుట్‌ అనుమతి సంఖ్య హెచ్‌ఎండీఏ లేదా పట్టణ ప్రణాళిక విభాగం ఇచ్చినదో కాదో సరిచూసుకోవాలి.
* కొనే ప్లాటు తనఖాలో ఉన్నదేమో, పార్కు స్థలమేమో ఆమోదిత నక్షాలో పరిశీలించాలి.
* సమీపంలో చెరువు, వాగు ఉంటే పూర్తి నీటిమట్టం హద్దు తెలుసుకోవాలి.

పౌరుడి జాగ్రత్త ఒక్కటే సరిపోదు. గ్రామాలవారీగా జోన్ల పటాన్ని తెలుగులో ముద్రించి ప్రతి పంచాయతీ కార్యాలయం గోడపై, రిజిస్ట్రేషన్‌ కార్యాలయంలో అతికిస్తే పెద్దగా ఖర్చు కాదు. పటం చూడకుండా దస్తావేజు రాయని పద్ధతి వస్తే వెంచర్‌ మొదట్లోనే ఆగుతుంది. అక్రమ లే అవుట్‌ వేసినవారి నుంచే పరిహారం రాబట్టే ఏర్పాటు జరగాలి. లేదంటే నాలుగో క్రమబద్ధీకరణకూ సామాన్యుడే జేబు తడుముకోవాల్సి వస్తుంది.