గొట్టపు దారి గీయకముందే రైతు మాట వినవలెను

ఆర్మూరు, ఆలూరు ప్రాంతములలో తొలకరి వానలకు నాటిన పసుపు తొమ్మిది మాసములు నేలలోనే యుండి ఊరును గనుక, నీరు నిలువని గుల్లనేలకు ఎంత విలువ కలదో అచ్చటి రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. అట్టి నేలను చీల్చి సహజవాయువు గొట్టమును పాతునపుడు పైమట్టిని వేరుగా తీసియుంచి, పూడ్చు వేళ మరల పైననే పరవనిచో, ఆ మేర పంట ఏండ్ల తరబడి కోలుకొనదు. ఇది యెరిగినవానిని అడుగకయే మార్గము నిర్ణయింపవచ్చునని మన శాసనము లంగీకరించుట అన్యాయము.

2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర పర్యావరణ ప్రకటన ననుసరించి, జాతీయోద్యానములు, అభయారణ్యములు మొదలైన సున్నిత ప్రదేశములగుండా పోవు గొట్టములకే ముందస్తు అనుమతి కావలెను. సాగుభూమికి ఆ పరీక్షయు లేదు, ప్రజాభిప్రాయ సేకరణయు లేదు. మిగిలినది 1962 నాటి పైపులైనుల చట్టము. దారి ఖాయమై ప్రకటన వెలువడిన పిదప ఆక్షేపణకు 21 దినముల గడువు, భూమి విలువలో నూటికి 10 వంతుల పరిహారము లభించును. పట్టా రైతుదే యైనను ఆ మేర బావి త్రవ్వరాదు, చెట్టు నాటరాదు, ఇల్లు కట్టరాదు.

గొట్టపు గోడ మందము సైతము ఊరి స్థితిపై నాధారపడినదే. ఇరువైపుల 200 మీటర్లలోపలి ఇండ్ల లెక్కను బట్టి, జనము పలుచనైన చోట ఉక్కు సహింపగల ఒత్తిడిలో నూటికి 72 వంతుల వరకును, కిక్కిరిసిన చోట 40 వంతుల వరకును మాత్రమే అనుమతింతురు. కాని పసుపు త్రవ్వకముల వేళ చేలలో దిగు కూలీలును, కళ్ళములలో పసుపు నుడికించు పొయ్యిలును ఆ ఇండ్ల లెక్కలో కానరావు. 2014 జూన్ 27 వేకువను కోనసీమలోని నగరము గ్రామమున గొట్టము పగిలి, ఎగసిన మంటలకు ఇరువది మందికి పైగా బలియైరి. తేమ తొలగింపని వాయువు ప్రవహించి లోపలి గోడను తుప్పు తినివేసినదని తేలినది. అట్టి ప్రమాదమును మోయువాడు ముందుగా ప్రశ్నింప నర్హుడు కాడా?

వాయువు వలదనుట నా యభిమతము కాదు. మల్లవరము వైపునుండి వచ్చు గొట్టమే రామగుండము ఎరువుల కర్మాగారమునకు ప్రాణము. అచ్చటి యూరియా మన చేలకే చేరును. అయినను ఐరోపాలో 1991 నాటి ఎస్పో ఒడంబడిక, పెద్ద వాయుగొట్టముల వంటి పనులవలన పొరుగు దేశమునకు కీడు కలుగు నవకాశమున్నచో, అచ్చటి ప్రజల మాటయు వినవలెనని నిర్దేశించినది. బాల్టిక్ సముద్రగర్భమున వేసిన నార్డ్ స్ట్రీమ్ విషయమున తీర దేశములన్నిటిని సంప్రదించిరి. కాకినాడనుండి భరూచి వరకు రాష్ట్రముల సరిహద్దులను దాటుచు 2009లో నడకకు వచ్చిన గొట్టము క్రింది రైతులకు మాత్రము స్వదేశముననే అట్టి హక్కు లేకపోయినది.

కావున 1962 చట్టమును సవరించి, దారి గీయకముందే గ్రామసభ జరుపుట విధిగా చేయవలెను. సర్వే పటమును, ప్రమాద నివేదికను తెలుగున ముద్రించి పంచాయతీలో నుంచవలెను. ఆ సభను పసుపు త్రవ్వు జనవరి, మార్చి నెలల నడుమ మాత్రము పెట్టరాదు.