కూతురి కవితను తీర్పు అడగొద్దు

మొన్నామధ్య హైదరాబాద్‌లో ఒక చిన్న కవిత్వ సమావేశానికి వెళ్ళాను. పాతికేళ్ళు కూడా నిండని ఒకమ్మాయి వాళ్ళ నాన్న మీద రాసిన కవిత చదివింది. రాత్రి తాగొచ్చి అన్నం కంచం విసిరేసిన నాన్న, మర్నాడు పొద్దున్నే స్కూలుకి టైమవుతోందని తనకి జడ వేస్తాడు. కవిత అక్కడే, జడ సగంలో ఉండగా ఆగిపోయింది. ఒక పెద్దాయన, "బాగుందమ్మా, చివర్లో ఆయన్ని క్షమించేస్తే కవిత నిండుగా ఉండేది" అన్నారు. వెనక వరసలోంచి నా వయసాయనే ఒకాయన, "క్షమించడం ఏంటండీ, ఆ జడ తీసేస్తే కవితకి పదునొస్తుంది. సిల్వియా ప్లాత్‌ని చదవమ్మా" అన్నాడు. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. నాకైతే ఇద్దరూ అడుగుతున్నది ఒకటే అనిపించింది: ఏదో ఒకటి తేల్చెయ్. ఆ పూట నోరు మెదపలేదు. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

ముందు ప్లాత్ సంగతి. 1962 అక్టోబర్లో ఆవిడ రాసిన 'డాడీ'ని తండ్రుల మీద కోపానికి ఒక జెండాలా మోస్తుంటారు మనవాళ్ళు. ఆ తండ్రి ఆటో ప్లాత్ జర్మనీ నుంచి వలసొచ్చిన మనిషి, బోస్టన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్, తుమ్మెదల మీద పుస్తకం రాసినవాడు. మధుమేహం ముదిరి, కాలు తీసేశాక 1940లో పోయాడు. అప్పటికి సిల్వియాకి ఎనిమిదేళ్ళు. కవితలో ఆయనకి తగిలించిన నాజీ పోలికలు అందరికీ గుర్తుంటాయి. అదే కవితలో, ఇరవయ్యేళ్ళప్పుడు చచ్చయినా సరే ఆయన్ని చేరుకోవాలని చూశానని చెప్పిన చోటు మాత్రం ఎవరూ ఎత్తరు. పైగా ఆ పిలుపు చూడండి. ముప్ఫైకి దగ్గరపడ్డ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, పోయి ఇరవై రెండేళ్ళయిన తండ్రిని పసిపిల్ల పిలిచినట్టు పిలుస్తూ తిడుతుంది. బీబీసీ కోసం ఆ కవితను పరిచయం చేస్తూ ఆవిడే చెప్పింది, తండ్రిని దేవుడనుకుంటుండగానే ఆయన్ని పోగొట్టుకున్న అమ్మాయి మాట్లాడుతోందని. చెడ్డవాణ్ణి తిట్టడం వేరు, దేవుడనుకున్నవాణ్ణి తిట్టడం వేరు. ఇక అయిపోయింది అని చివర్లో ప్రకటిస్తుంది, నిజమే. నిజంగా అయిపోయినవాళ్ళు అంత గట్టిగా అరవరని నా అనుమానం. వెనక వరస ఆయన ప్లాత్‌ని ఇంకోసారి చదివితే బావుంటుంది.

కానీ ఈ గొడవకి అసలు మందు షారన్ ఓల్డ్స్ దగ్గరుంది. 1980లో వచ్చిన ఆవిడ మొదటి పుస్తకం పేరు 'సేటన్ సేజ్'. ఆ పేరుతోనే ఉన్న కవితలో ఒకమ్మాయి దేవదారు వాసనేసే చిన్న నగలపెట్టెలో ఇరుక్కుపోయి, రాసుకుంటూ బయటపడాలని చూస్తుంటుంది. సైతాను వచ్చి బేరం పెడతాడు: మీ నాన్నని తిట్టు, తలుపు తీస్తాను. తిడుతుంది. తలుపు కొంచెం తెరుచుకుంటుంది. అమ్మని కూడా తిట్టమంటాడు, ఇంకా నీచమైన మాటలు పలికిస్తాడు. తీరా బయటికి అడుగుపెట్టే వేళకి ఆ అమ్మాయి, అయ్యో, వాళ్ళంటే నాకు ప్రేమ కూడా ఉంది అంటుంది. అంతే, సైతాను తాళంకప్ప కంతలోంచి జారుకుంటాడు. ఇక ఇదే నీ శవపేటిక అంటాడు. ఆ మాట ఆమెకి సరిగ్గా వినపడను కూడా వినపడదు. పెట్టెలో ఉన్న నాట్యకత్తె బొమ్మ కెంపు కంటి దగ్గర చేతులు కాచుకుంటుంటుంది, ప్రేమ ఉందని అప్పుడే తెలిసింది కాబట్టి.

ఈ కవిత చదివిన ప్రతిసారీ సైతాను కుర్చీలో నాకు పాఠకుడే కనిపిస్తాడు. ఆ రోజు అక్కడ ఇద్దరున్నారు. ఒకాయన తిడితే తలుపు తీస్తానన్నాడు, ఇంకొకాయన క్షమిస్తే తీస్తానన్నాడు.

ఓల్డ్స్ 1992లో 'ది ఫాదర్' అని ఏకంగా ఒక పుస్తకమే తెచ్చింది. తాగుబోతు తండ్రికి కేన్సర్. ఆయన పోవడం, ఆ తర్వాతి రోజులు. అంతే, పుస్తకమంతా. అందులో 'ది గ్లాస్' అనే కవితలో కళ్ళన్నీ ఆయన కఫం ఉమ్మే గ్లాసు మీదే ఉంటాయి. ఒకప్పుడు లోకమంతా ఆయన చుట్టూ తిరిగేది. ఇప్పుడు ఆయనతో సహా అందరూ ఆ గ్లాసు చుట్టూ తిరుగుతున్నారు. ఛీ అనేవాళ్ళుంటారు. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' రాసిన భాషలో కూర్చుని కఫానికి ముఖం చిట్లించుకోవడం దేనికో నాకర్థం కాదు. ఇంకో కవితలో, తండ్రి పోయేటప్పుడు పక్కనే ఉండాలనుకున్నది ఎందుకో కారణాలు చెప్పుకుంటూ వస్తుంది. ద్వేషించాను కాబట్టి కూడా, అంటుంది. ప్రేమించాననీ అంటుంది. రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి, ఒకటి రెండోదాన్ని చెరిపెయ్యదు. తండ్రి దేహాన్ని అంత దగ్గర్నుంచి చూసిన ఆ చూపులో సేవ ఎంత, కాపలా ఎంత అని విడదియ్యడం నా వల్ల కాలేదు. విడదీస్తే పుస్తకమే ఉండదు.

దీనికి ఒక ఎదురు ప్రశ్న ఉంది, తేలిగ్గా తీసెయ్యాల్సింది కాదు. ఆడవాళ్ళని అలాంటి ఇళ్ళల్లో కట్టి పడేసింది ఆ 'ప్రేమ కూడా ఉంది' అనే మాటే కదా? అవును. పోలీస్ స్టేషన్లో, కోర్టులో ఆ మాటని వాళ్ళ మీదకే తిప్పి వాడతారు కూడా. అక్కడ తేల్చాలి, కచ్చితంగా తేల్చాలి. కవిత ఎఫ్ఐఆర్ కాదు. జడ ఉన్నంత మాత్రాన కంచం విసిరిన తప్పు తగ్గదు. అసలు ఆ చెయ్యీ ఈ చెయ్యీ ఒకటే కావడం వల్లే ఆ పిల్లకి అంత దెబ్బ తగిలింది. జడ తీసేస్తే నాన్న ఒక ఊరూ పేరూ లేని తాగుబోతు అవుతాడు, వాడి మీద కవిత ఎవరైనా రాయొచ్చు.

మా ఆఫీసులో ఏ టికెట్టూ ఓపెన్‌గా ఉండకూడదు. శుక్రవారానికల్లా 'రిజాల్వ్‌డ్'లోకి జరపకపోతే మేనేజర్‌కి నిద్రపట్టదు. మన నాన్న కవితలు చాలావరకు అలా క్లోజ్ చేసిన టికెట్లే. అరిగిన చెప్పులు, పాత సైకిలు, చెమట వాసన, చివర్లో ఒక కన్నీటి చుక్క.

ఇది పైనుంచి చెబుతున్న మాట కాదు. నాన్న పోయిన ఏడాది నేనూ ఒకటి రాశాను. చెప్పులు కూడా పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. అక్కకి పంపిస్తే చదివి ఫోన్ చేసింది. "బాగా రాశావురా. మీ నాన్న కళ్ళకి కట్టాడు" అంది.

మీ నాన్న. నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. నాలుగేళ్ళు అప్పు చేసి నా ఇంజనీరింగ్ ఫీజు కట్టిన మనిషి, అక్కని ఇంటర్ అవగానే చదువు మాన్పించి పెళ్ళి చేశాడు. అప్పు చేసినందుకు ఆయనకి నా కవితలో దండ పడింది. ఆ అప్పులో అక్క చదువు కూడా కలిసిపోయిందని నాకు రాయాలనే తోచలేదు. కొడుకుకి క్షమించడం ఎంత చవకో అప్పుడు తెలిసింది. నేను క్షమించాల్సింది పెద్దగా ఏమీ లేదు మరి.

చివరి ఆరు నెలలూ మంచంలో ఉన్న నాన్నకి గోళ్ళు తీసింది అక్కే. ఇంకెవరు నెయిల్ కట్టర్ పట్టుకొచ్చినా చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. ఇప్పటికీ ఆయన మాటొస్తే, హాల్ టికెట్ చింపేసి పొయ్యిలో పడేసిన రోజు చెబుతుంది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని వేలు పెట్టి పేపర్ చదవడం నేర్పించాడనీ చెబుతుంది. ఒక్కోసారి ముందుది వెనక, వెనకది ముందు చెబుతుంది. ఏ వరసలో చెప్పినా మధ్యలో 'కానీ' అనదు.