రేవులో వ్యాపారి, కోర్టులో సార్వభౌముడు

పాపికొండలు దాటిన గోదావరి పట్టిసీమ వద్ద విశాలమై డెల్టా వైపు సాగుతుంది. ఆ డెల్టాలో పండిన బియ్యం కాకినాడ యాంకరేజ్ రేవులో బార్జీలకెక్కి, దూరాన లంగరు వేసిన ఓడలకు చేరుతుంది. ఆ రేవు రాష్ట్ర ప్రభుత్వానిది. అక్కడ సర్కారు సిబ్బంది అజాగ్రత్త వల్ల సరుకు పాడైనా, హమాలీ కాలు విరిగినా ప్రభుత్వంపై దావా వేయవచ్చునా? వేస్తే, ‘ఇది సార్వభౌమ విధి, మాపై దావా చెల్లదు’ అనే పాత కవచం బయటికి వస్తుంది.

ఆ కవచానికి తొలి చిల్లు పడింది కూడా ఒక రేవులోనే. కలకత్తాలోని కిద్దర్‌పూర్ సర్కారు డాక్‌యార్డు కూలీలు ఇనుప సామగ్రిని రోడ్డుకు అడ్డంగా మోసుకుపోతుండగా, పి అండ్ ఓ ఓడల కంపెనీ బండి గుర్రం బెదిరి గాయపడింది. నష్టం 350 రూపాయలు. ప్రైవేటు వ్యక్తి చేయదగిన పనిని ప్రభుత్వం చేస్తే ప్రైవేటు వ్యక్తివలెనే బాధ్యత వహించాలని 1861లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఓడను బాగుచేయడం, సరుకు ఎత్తడం, దించడం రాజ్యాధికారం కాదు, వ్యాపారం. కూలి పుచ్చుకొని బస్తా మోసేవాడికి కిరీటం ఎందుకు?

అయినా రాజ్యాంగం 300వ అధికరణం ఈ విషయాన్ని కంపెనీ పాలన నాటి స్థితికే ముడిపెట్టి వదిలింది. దాని ఫలితమే కస్తూరిలాల్ తీర్పు. పోలీసులు స్వాధీనం చేసుకున్న 103 తులాల బంగారాన్ని ఒక హెడ్ కానిస్టేబుల్ కాజేసి పారిపోతే, సొంతదారుకు పరిహారం లేదని 1964లో సుప్రీంకోర్టు చెప్పింది. అమానతుగా ఉన్న సొమ్ము పోయింది. జవాబుదారీ ఎవరూ లేరు!

ఆ అన్యాయాన్ని చాలావరకు సరిదిద్దినది మన రాష్ట్రం నుంచి వెళ్లిన వ్యాజ్యమే. 1975లో ఒక వ్యాపారి ఎరువులు, ధాన్యం జప్తు చేశారు. విడుదల ఉత్తర్వు వచ్చేసరికి ఎరువు పనికిరాకుండా పోయింది. నాగేంద్రరావు కేసులో 1994లో సుప్రీంకోర్టు ప్రభుత్వమే నష్టం భరించాలన్నది. 2024 నవంబరులో రేషన్ బియ్యం ఆరోపణపై కాకినాడ తీరంలో స్టెల్లా ఎల్ పనామా ఓడను ఆపినప్పుడు ఈ తీర్పు గుర్తుకు రావలసింది. అక్రమ బియ్యాన్ని పట్టుకోవడం ప్రభుత్వ ధర్మం. పట్టుకున్నదాన్ని, దానితోపాటు ఆగిపోయిన సక్రమ సరుకును కాపాడడమూ అంతే ధర్మం.

ఇది బియ్యపు వ్యాపారుల గొడవ మాత్రమే అనుకోరాదు. కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో 1977లో బాంబు దాడికి ఒక ఖైదీ బలైనప్పుడు కూడా ప్రభుత్వం ఇదే కవచం తొడుక్కుంది. జీవించే హక్కు ముందు అది చెల్లదని 2000లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. కస్టడీలో దెబ్బలు తిన్న బిడ్డల కోసం కోర్టుల చుట్టూ తిరిగే మన కుటుంబాలకు ఆ తీర్పు విలువ వేరే చెప్పనక్కరలేదు.

కానీ తీర్పులు ఒక్కొక్కరు పోరాడి తెచ్చుకునేవి. ఇంగ్లండు 1947లోనే ఇందుకు చట్టం చేసింది. ఇక్కడ లా కమిషన్ తన మొదటి నివేదికలోనే, 1956లో, చట్టం కావాలన్నది. 1965లో, 1967లో బిల్లులు వచ్చి మురిగిపోయాయి. దావాకు ముందు రెండు నెలల నోటీసు, ఆ తర్వాత ఏళ్ల తరబడి వాయిదాలు. రోజు కూలి మీద బతికే హమాలీ దీన్ని మోయలేడు. పార్లమెంటు ఆ బిల్లును తిరిగి తేవాలి. అంతవరకు ఆగనక్కరలేకుండా, సరుకు నిర్వహణలో జరిగే నష్టానికి సార్వభౌమ రక్షణ కోరబోమని మన రాష్ట్ర మారిటైమ్ బోర్డు లిఖితపూర్వకంగా ప్రకటించవచ్చు.