రైలెక్కనివ్వని ముగింపు

హ్యారీ పాటర్ ఏడో పుస్తకం ఇంకా చదవనివాళ్ళు ఎవరైనా ఉంటే ఇక్కడే ఆగిపోండి, ముగింపు మొత్తం చెప్పేయబోతున్నా. 2007 జూలై 21న రిలీజైన పుస్తకానికి ఇంకా స్పాయిలర్ వార్నింగ్ ఏంట్రా అని మా రూమ్మేట్ నవ్వాడు. నిజమే, అది వచ్చేటప్పటికి నాకు ఏడాది కూడా నిండలేదు. అయినా దాని ముగింపు మీద మా హాస్టల్లో గొడవలు మాత్రం ఇంకా తీరలేదు. మొన్న ఇంటర్నల్స్ ముందు రోజు రాత్రి, ఆపరేటింగ్ సిస్టమ్స్ చదవాల్సిన నలుగురం రెండింటిదాకా జార్జ్ వీస్లీ గురించి కొట్టుకున్నాం.

గొడవ ఏంటంటే, ముప్పై ఆరో చాప్టర్‌లో వోల్డెమార్ట్ చచ్చిపోతాడు. ప్రపంచంలోకెల్లా బలమైన మంత్రదండం చేతికొస్తే, హ్యారీ దాంతో విరిగిపోయిన తన పాత దండాన్ని అతికించుకుని, ఆ పెద్దదాన్ని తిరిగి డంబుల్డోర్ సమాధిలో పెట్టేస్తానంటాడు. (సినిమాలో విరిచి పారేస్తాడు. అది వేరే గొడవ.) ఇంక అతనికి కావాల్సింది కాస్త నిద్ర, ఒక శాండ్‌విచ్. అక్కడితో శుభం కార్డు వేసేస్తే సరిపోయేది, అంటారు చాలామంది. కానీ రౌలింగ్ ఇంకో చిన్న చాప్టర్ రాసింది. పందొమ్మిదేళ్ళ తర్వాత, 2017 సెప్టెంబర్ 1న, కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో తొమ్మిదీ ముప్పావు ప్లాట్‌ఫామ్ మీద హ్యారీ తన పిల్లల్ని హాగ్వార్ట్స్ రైలెక్కిస్తుంటాడు.

ఈ చాప్టర్ మీద తిట్లు ఒకటీ రెండూ కాదు. అందరూ స్కూల్లో పరిచయమైనవాళ్ళనే పెళ్ళి చేసుకుని, పందొమ్మిదేళ్ళ తర్వాత కూడా అదే బ్యాచ్‌గా ఉన్నారేంటి? (మా ఇంటర్ ఫ్రెండ్స్ గ్రూపులో ఆఖరి మెసేజ్ ఎవరిదో బర్త్‌డే విషెస్. అదీ పోయిన ఏడాదిది.) ఆరేళ్ళు క్లాసులో ఏడిపించిన స్నేప్ పేరు కొడుక్కి పెట్టడమేంటి? హ్యారీ ఏం ఉద్యోగం చేస్తున్నాడు? అన్నిటికన్నా పెద్దది, యుద్ధంలో కవల సోదరుడు ఫ్రెడ్‌ని పోగొట్టుకున్న జార్జ్ ఎక్కడ? నెవిల్ టీచరయ్యాడని తెలుస్తుంది, పెర్సీ గొంతు కూడా వినిపిస్తుంది. జార్జ్ మాటే లేదు. రాన్, హెర్మయినీల జోడీ గురించి 2014లో ఒక ఇంటర్వ్యూలో రౌలింగే కాస్త వెనక్కి తగ్గింది. రాసినావిడే డౌట్ పడుతుంటే మనమెందుకు వెనకేసుకురావాలి?

ఈ ఆరోపణల్లో చాలావాటికి నా ఓటు కూడా ఉంది. ముఖ్యంగా జార్జ్ విషయంలో. తొమ్మిదో తరగతి సెలవుల్లో మా పెద్దమ్మ వాళ్ళ అక్క పుస్తకాలు తెచ్చుకుని వరసగా ఏడూ చదివి, చివరి చాప్టర్ దగ్గర పుస్తకం విసిరికొట్టినంత పని చేశా.

కానీ ఈ మధ్య మళ్ళీ చదివితే ఒకటి అర్థమైంది. మనకి అసలు కోపం జార్జ్ గురించి కాదు, పేర్ల గురించీ కాదు. ఆ రైలు గురించి.

మొదటి పుస్తకం గుర్తు తెచ్చుకోండి. పదకొండేళ్ళ హ్యారీని డర్స్‌లీలు స్టేషన్‌లో దింపేసి నవ్వుకుంటూ వెళ్ళిపోతారు. ప్లాట్‌ఫామ్‌లోకి ఎలా వెళ్ళాలో రాన్ వాళ్ళమ్మ చెప్తుంది. రైలు కదిలాక చిన్న జిన్నీ ఏడుస్తూ నవ్వుతూ దాని పక్కన పరిగెడుతుంది, కానీ వాళ్ళ అన్నల కోసం. హ్యారీకంటూ చెయ్యి ఊపేవాళ్ళు ఒక్కరూ లేరు. అది మనం పట్టించుకోం, ఎందుకంటే మనం కూడా హ్యారీతో పాటు కంపార్ట్‌మెంట్‌లో కూర్చుని ముందుకే చూస్తున్నాం. చివరి చాప్టర్‌లో అదే రైలు, అదే పొగ. ఈసారి మనకి సీటు లేదు. రైలు వెళ్ళిపోతుంది, మనం హ్యారీతో ప్లాట్‌ఫామ్ మీద ఉండిపోతాం. నేనూ వెళ్తానని చిన్న లిల్లీ మారాం చేస్తుంది. రైలు మలుపు తిరిగి కనపడకుండా పోయాక కూడా హ్యారీ చెయ్యి దించడు.

పదమూడేళ్ళకో పదిహేనేళ్ళకో చదివినవాడికి ఇది మోసంలాగే అనిపిస్తుంది. ఆల్బస్‌తో పాటు మనం కదా వెళ్ళాల్సింది, ఈ అంకుల్‌తో మనకేం పని?

ఫస్టియర్ దసరా సెలవులయ్యాక మొదటిసారి ఒక్కణ్ణే రైలెక్కా. విజయవాడ స్టేషన్, పొద్దున్నే రత్నాచల్. నాన్న వాటర్ బాటిల్, ఇడ్లీ పార్సిల్ కిటికీలోంచి ఇచ్చి, "చేరగానే ఫోన్ చెయ్" అన్నాడు. సరే అన్నా. రైలు కదిలేటప్పటికి నేను ఫోన్లో ఉన్నా. చెయ్యి ఊపాడో లేదో నాకు తెలీదు, చూళ్ళేదు. సాయంత్రం అమ్మ ఫోన్లో మాటల మధ్య అంది, "మీ నాన్న ఇంటికొచ్చేసరికి ఎనిమిదయ్యింది రా, ఎక్కడికెళ్ళారంటే స్టేషన్‌లో టీ తాగానంటారు." స్టేషన్ నుంచి మా ఇల్లు బండి మీద ఇరవై నిమిషాలు.

ఆ తర్వాత చదివితే ఆ చాప్టర్ నాకు వేరేగా కనిపించింది. మా అక్కకి ఫోన్ చేసి చెప్పా. 2007లో ఇంటర్ చదువుతూ, ఆరో పుస్తకం తర్వాత రెండేళ్ళు ఎదురుచూసి ఇది చదివింది తను. అప్పట్లో ఈ ముగింపుని నాకన్నా ఎక్కువ తిట్టిందట. ఇప్పుడు వాళ్ళబ్బాయి ఒకటో తరగతి. "స్కూల్ బస్సు సందు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడతాన్రా. ఏం చూస్తానో నాకే తెలీదు" అంది.

అందుకే నా వాదన ఇది. ఆ చాప్టర్‌లో లోపాలున్నాయి, జార్జ్ విషయంలో రౌలింగ్‌ని నేను ఎప్పటికీ క్షమించను. కానీ మనల్ని రైలెక్కనివ్వకుండా ప్లాట్‌ఫామ్ మీద ఆపెయ్యడం మాత్రం కరెక్ట్ నిర్ణయం. అమ్మానాన్నలు లేకుండా రైలెక్కిన పిల్లాడి కథ ఇంకెక్కడ ముగియాలి? తనకి దొరకనిది, అంటే చెయ్యి ఎత్తి నిలబడే ఒక మనిషి, తన కొడుక్కి దొరికాడు. వోల్డెమార్ట్ చావడం కన్నా నాకు ఇదే పెద్ద గెలుపు.

కథ కంచికి, మనం ఇంటికి అంటాం కదా. మనం ఇంటికెళ్ళడానికి ఒప్పుకోలేదు కాబట్టే 2016లో నాటకం కూడా వచ్చింది. దాని గురించి నేనేమీ మాట్లాడను, ఇది మర్యాదగల పత్రిక.

నాకిప్పుడు పందొమ్మిదేళ్ళు. ఒప్పుకోనివాళ్ళు సాయంత్రం క్యాంటీన్ దగ్గరికి రండి, తేల్చుకుందాం. శుక్రవారం మాత్రం ఉండను, ఇంటికెళ్తున్నా. ఆదివారం తిరుగు రైలు. ఈసారి ఫోన్ బ్యాగులో పెట్టి కిటికీ పక్కన కూర్చుంటా.