ఎలక కిడ్నీకి పసుపు, బాబాయి కిడ్నీకి క్యాప్సూల్

పసుపు మీద నాకు పగేమీ లేదు. గాయాలకి పసుపు వాడకం మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇస్తే, మన సీఎస్ఐఆర్ కొట్లాడి 1997లో రద్దు చేయించిందని చదివి పొంగిపోయినవాళ్లలో నేనూ ఉన్నా. ఇది వేరే గొడవ.

మొన్న మా బాబాయికి యూరిన్ ఇన్ఫెక్షనని జెంటామైసిన్ ఇంజెక్షన్లు రాశారు. "యాంటీబయాటిక్ బారి నుంచి కిడ్నీలను కాపాడే కర్క్యుమిన్" అని ఎవరో పంపిన ఫార్వర్డు చూసి మా తమ్ముడు (వాడూ సాఫ్ట్‌వేరే, అదే నా కడుపుమంట) క్యాప్సూల్స్ కొనుక్కొచ్చాడు. క్రియాటినిన్ చూపించార్రా అంటే, "నాన్న ఇవి వేసుకుంటున్నారుగా అన్నయ్యా" అన్నాడు!

ఆ పరిశోధనలు అబద్ధం కాదు. జెంటామైసిన్ కిడ్నీ నాళికల కణాల్లో పేరుకుపోయి వాటిని దెబ్బతీస్తుంది. అందులో ఆక్సీకరణ పాత్ర ఉంది కాబట్టి యాంటీఆక్సిడెంటు ఆపుతుందేమో అనుకోవడం సబబే. ఎలకల్లో ఆపింది కూడా.

కానీ ఎలా? ఎలకకి కిలో బరువుకి 100 మిల్లీగ్రాముల జెంటామైసిన్ పొడిచారు. మనిషికిచ్చేది కిలోకి 5 అటూ ఇటూ. చిన్న జంతువు లెక్క వేరు కదా అని 6తో భాగించినా మూడింతలు. కర్క్యుమినేమో చాలాసార్లు మందుకి ముందునుంచో, మందుతో పాటో, కిలోకి 200 మిల్లీగ్రాముల దాకా. దాన్నీ 6తో భాగిస్తే 60 కిలోల మనిషికి రోజుకి 2 గ్రాములు. పసుపులో కర్క్యుమిన్ నూటికి 3 పాళ్లు. అంటే రోజుకి 65 గ్రాముల పైన పసుపు. పాలల్లో కలుపుకుంటారా, గోడకి పూస్తారా?

టెస్ట్ డేటా మనమే తయారుచేసి, దానికి సరిపడా ప్యాచ్ రాసి, ప్రొడక్షన్లో బగ్ పోయిందని మెయిల్ కొడితే మేనేజరు ఊరుకుంటాడా? కిడ్నీల దగ్గరికొచ్చేసరికి మాత్రం మనకి క్యూఏ అక్కర్లేదు.

పైగా మింగిన కర్క్యుమిన్ రక్తంలోకి చేరేది అత్యల్పం. అందుకే క్యాప్సూల్లో మిరియాల పైపరిన్ కలుపుతారు. మరి ఆ పైపరిన్ వేరే మందుల్ని కూడా ఒంట్లో ఎక్కువ నిలిపేస్తుందని డబ్బా మీద రాస్తారా? 2022లో అమెరికా డాక్టర్లు పసుపు సప్లిమెంట్ల వల్ల లివర్ దెబ్బతిన్న 10 కేసులు ప్రచురించారు. కిడ్నీ కోసం మింగి లివర్ పోగొట్టుకోవడం... ఏమనాలో తెలీట్లేదు.

నాలుగో రోజు పోట్లాడి టెస్టు చేయించా. క్రియాటినిన్ 1.9. మొదట్లో ఎంతుందో తెలీదు, ఎవరూ చూడలేదుగా. ఇంజెక్షన్ ఆపి మందు మార్చారు. క్యాప్సూల్ డబ్బా మాత్రం పారేయడానికి మనసొప్పక, మా పిన్ని పోపులపెట్టె పక్కనే పెట్టుకుంది.