ఓడలో బాల్కనీ గది తీసుకుంటున్నారా?

ఉదయగిరి, ఆత్మకూరు అక్కచెల్లెళ్ళూ! 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖపట్నానికి విహార నౌక నడిచింది. అలాంటి ఓడలో బాల్కనీ గదికి డబ్బు ఎక్కువే. కట్టేముందు అంతస్తుల పటం అడిగి చూడండి.

పైనా కిందా కూడా పడకగదులే ఉన్న అంతస్తు మేలు. నెత్తిన ఈతకొలను, కింద పాటల హాలు ఉంటే నిద్ర కరువే. లిఫ్టు పక్కన అసలొద్దు. మన ఉదయగిరి బస్సులో వెనకసీటు కుదుపు తెలుసుగదా? ఓడలోనూ అంతే, నడిమధ్య గదికి ఊపు తక్కువ.

బాల్కనీ ముందు ప్రాణరక్షణ పడవలు వేలాడుతుంటే సముద్రం సరిగా కనబడదు. పక్కవాళ్ళకు అడ్డుగోడ నిండుగా ఉందా, పైవాళ్ళు తొంగిచూసే వీలుందా అన్నదీ కనుక్కోండి. విశాఖ వైపు వెళ్ళేటప్పుడు సూర్యోదయం కుడివైపు గదులకు.

ఎవరూ పిలవకుండా ఒక్క పొద్దున కాఫీ తాగాలంటే ఈ మాత్రం విచారణ తప్పదు మరి!