విమానం డౌన్‌లోడ్ చేసే ముందు...

మన పిల్లలు నిజం విమానాన్ని దగ్గరగా చూడాలంటే మధురపూడి ఎయిర్‌పోర్టుకు వెళ్లాలి. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంటే మాత్రం బోయింగ్‌లే నడిపేస్తున్నారు. ఫ్లైట్ సిమ్యులేటర్ మంచి ఆటే. దిక్కులు, ఎత్తు, గాలి వేగం తెలుస్తాయి.

చిక్కల్లా విడిగా కొనే విమానాలతోనే. 2022లో పీఎండీజీ సంస్థ తెచ్చిన బోయింగ్ 737-700 ధర అప్పట్లో దాదాపు 70 డాలర్లు. బటన్ నొక్కగానే ఎగురుతుందని పిల్లలు ఆశపడతారు. కానీ బ్యాటరీ, ఏపీయూ, ఇంధన పంపులు వరుసగా ఆన్ చేస్తేగానీ ఇంజిన్ స్టార్ట్ కాదు. మాన్యువల్ చదివే ఓపిక లేకపోతే ఆ డబ్బు వృథాయే.

ధర ఎక్కువని దొంగ కాపీలు వెతకడం మరీ ప్రమాదం. 2018లో ఫ్లైట్ సిమ్ ల్యాబ్స్ తన ఎయిర్‌బస్ ఇన్‌స్టాలర్‌లో క్రోమ్ పాస్‌వర్డులు లాగే ఫైలు పెట్టింది. దొంగ కాపీదారులను పట్టుకోవడానికేనని చెప్పి, విమర్శలు రాగానే తీసేసింది. పేరున్న కంపెనీయే అలా చేస్తే, ఊరూపేరూ లేని సైట్ల మాటేమిటి? మీ బ్యాంకు పాస్‌వర్డు కూడా ఆ కంప్యూటర్‌లోనే ఉండొచ్చు.

అలాగని వద్దనకండి. ముందు ఉచితంగా దొరికే ఫ్లైట్‌గేర్‌లో సెస్నా 172 నేర్చుకోనివ్వండి. తర్వాత కొనమని అడిగితే, ఆ విమానంలో ఏవి పనిచేస్తాయో, ఏవి చేయవో చదివి మీకు తెలుగులో వివరించమనండి. చెప్పగలిగితే, పక్కన కూర్చుని మీరే కొనివ్వండి.